తొమ్మిది అడుగుల సాయంత్రాలు

నిన్న సాయంత్రం పని నుంచి బండి మీద వస్తుంటే, వంతెన ఇంకా ఎక్కకముందే తెలిసిపోయింది, కాలువకు నీళ్ళు వదిలారని. ఈ సంగతి కళ్ళకంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. వేసవంతా ఎండి బీటలు వారిన బురద మీదికి కొత్త నీరు ఎక్కేటప్పుడు వచ్చే వాసన అది. కవులు దాన్ని తడిసిన మట్టి పరిమళం అంటారు. వాళ్ళెవరూ విజయవాడలో కాలువ పక్కన కాపురం ఉండి ఉండరు. మా దగ్గర ఆ వాసనలో మట్టి ఒక పాలు, కుళ్ళిన గుర్రపుడెక్క రెండు పాళ్ళు, ఎవరో పారేసిన పాత పరుపు ఒక పాలు ఉంటాయి. అయినా బండి పక్కకు ఆపి కాసేపు పీల్చాను. వెనక ఆటో అతను హారన్ కొట్టబోయి, నా ముఖం చూసి, ఎవరైనా పోయారేమోనని జాలిపడి పక్కనుంచి తప్పుకుని వెళ్ళాడు. అతను మరీ తప్పుగా ఏమీ అనుకోలేదు. వీరాస్వామి గారు పోయి రెండేళ్ళయింది. ఈ వాసన వచ్చిన రోజున ఆయన మెట్ల కింద నిలబడి, “ఒరేయ్ కిశోరూ, నీళ్ళొచ్చాయి, దిగు” అని పిలిచేవారు, చుట్టాలు దిగినట్టుగా.

ఆయన మా కింది వాటాలో ఉండేవారు. ముప్పై ఏళ్ళు కాలువల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. గట్టు వెంట తిరుగుతూ, నీటి మట్టం చూసి పుస్తకంలో రాసి, షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగిని మా వైపు లస్కరంటారు. డెల్టాలో అన్నం తినే ప్రతివాడూ ఎవరో ఒక లస్కరు చలవ వల్లే తింటున్నాడని ఆయన అభిప్రాయం; దాన్ని ఎదుటివాడి కంచంలో అన్నం పడ్డాకే చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, కాలువలో నీటి మట్టం చూపే గేజీ రాయిలా నిటారుగా ఉండేవారు. ఉద్యోగం వదిలి పదేళ్ళయినా కళ్ళు మాత్రం డ్యూటీ దిగలేదు. నీళ్ళ ట్యాంకు, బకెట్టు, ఏది కనబడినా మట్టం అంచనా వేసేవారు. ఆయన భార్య మాణిక్యమ్మ మామ్మగారు పొయ్యి మీంచి సాంబారు దించితే, “అంగుళం ఇగిరింది” అనేవారు. మామ్మగారు తల తిప్పకుండా, “షట్టరు మీ నోటికి పెట్టాల్సింది” అనేవారు.

ఇక నా సంగతి. నేను వన్ టౌన్‌లో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. మీ కూడలిలో చేతులు జోడించి నవ్వుతున్న పెద్దమనిషి వెనక సింహాన్ని నిలబెట్టింది నేనే కావచ్చు, మన్నించండి. ఈ కథ మొదలైనప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, మూడేళ్ళుగా తాగుతున్నాను. దానికొక గొప్ప కథ ఉంటే బాగుండేది గానీ, నా తాగుడులో ఒక ప్రేమ వైఫల్యం కూడా లేదు. పని ఒత్తిడి తగ్గుతుందని మొదలుపెట్టాను. ఒత్తిడి అలాగే ఉంది, పని తగ్గింది. చివరికి ఊరి బయట ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో నెల రోజులు ఉండి వచ్చాను. నాన్న లేరు, అక్క తెనాలిలో ఉంటుంది, ఇంట్లో అమ్మా నేనే. అమ్మ గుమ్మంలోనే దిష్టి తీసి, ఆ నీళ్ళు పారబోస్తూ మామూలు గొంతుతో అంది: “ఇదే ఆఖరు నాన్నా. ఇంకోసారి తాగితే నేను తెనాలి వెళ్ళిపోతా. ఏడవను, అరవను. పది గంటల బస్సుకి వెళ్ళిపోతా.” ఏడ్చి ఉంటే నేనంత భయపడేవాణ్ణి కాదు. నన్ను భయపెట్టింది ఆ బస్సు టైమే.

నేను వచ్చేటప్పుడు సెంటర్ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. మనసు ఒత్తిడిగా ఉంటే నిదానంగా ఊపిరి పీల్చండి, నడవండి, వేళకు తినండి, వేళకు పడుకోండి, నమ్మకస్తులతో మాట్లాడండి. ఇంత మామూలు పనులతో నాలాంటి వాడి రోగం తగ్గుతుందంటే నాకు కాస్త అవమానంగా అనిపించింది. నేను ఇంకొంచెం క్లిష్టమైనవాణ్ణనుకున్నాను. మర్నాడు ఆ కాగితం వీరాస్వామి గారికి చూపించి నవ్వాను. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“ఇందులో తప్పు ముక్క ఒక్కటీ లేదురా. కానీ గేజీ ఏది?”

“గేజీ ఏంటి తాతగారూ?”

“వరదొస్తే ఏం చెయ్యాలో రాశారు. వరదొచ్చిందని నీకెట్టా తెలుస్తది?”

“తాగాలనిపిస్తుంది కదండీ.”

“అప్పటికి నీళ్ళు గట్టు మీదుంటాయి. అప్పుడు ఊపిరి పీలుస్తా కూర్చుంటావా?”

లోపలికి వెళ్ళి ఒక పొడుగాటి నోటుపుస్తకం తెచ్చి, స్కేలు పెట్టి నిలువుగా గీతలు కొట్టారు. వేళ, మట్టం, ఎగువ నుంచి ఏమొచ్చింది, ఏం చేశావు. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. తాగాలన్న కోరిక మట్టం సున్నా నుంచి పది అడుగుల దాకా. పది అంటే సీసా చేతిలో ఉన్నట్టు. ఏడు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, తొమ్మిదికి రెండోది. ఆ మాటలు బెజవాడలో పుట్టినవాడికి కొత్తవి కావు. ప్రతి వానాకాలం బ్యారేజీ దగ్గర నుంచి టీవీలో వింటూనే పెరిగాం. నా ఒక్కడి కోసం జారీ అవుతాయని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. “మొదటి హెచ్చరికకి నువ్వు నాకు చెప్పాల. రెండోదానికి నేనే నీ దగ్గరికొస్తా. డాక్టరు గారి మాత్రలు మాత్రం మానమాక. ఇది వాటికి తోడు,” అన్నారు.

మొదటి వారం పుస్తకం ఇప్పుడు తీసి చూస్తే మా యజమాని ప్రసాద్ గారి జీవిత చరిత్రలా ఉంటుంది. సోమవారం సాయంత్రం ఏడు, ఎగువ: ప్రసాద్ గారు. మంగళవారం ఏడున్నర, ఎగువ: ప్రసాద్ గారు. బుధవారం ఏడు, ఎగువ: ప్రసాద్ గారు ఊళ్ళో లేరు, ఫోన్ చేశారు. ఆయన చెడ్డమనిషేమీ కాదు. నెల రోజులు కనపడకుండా పోయినవాణ్ణి మళ్ళీ పనిలో పెట్టుకున్నారు. కాకపోతే ఆయనకు ప్రపంచంలో అర్జెంటు కానిది లేదు. తన పెళ్ళిరోజు కూడా అర్జెంటుగా చేసుకుంటారు.

ఆ శనివారం ఒక పెళ్ళి ఫ్లెక్సీ వచ్చింది. చుట్టాల ఫొటోలు నలభై ఒకటి. పెళ్ళికొడుకు బాబాయి నా కుర్చీ వెనకే నిలబడి, తన ఫొటో పెదనాన్న ఫొటోకంటే చిన్నగా ఉందని మూడుసార్లు మార్పించాడు. పెద్దది చేస్తే మేనమామ పక్కకు జరిగాడు, మేనమామను సర్దితే అత్తయ్య పైకి పోయింది. సాయంత్రానికి పెళ్ళికొడుకు ఎక్కడున్నాడో నాకు కూడా కనబడ్డం మానేశాడు. ప్రసాద్ గారు “అయిందా” అని అడగడం, నేను కుర్చీలోంచి లేవడం ఒకేసారి జరిగాయి. మెట్ల మీదికి వచ్చి ఫోన్ చేశాను.

“తాతగారూ, తొమ్మిది.”

“పొద్దున్నించీ ఏం తిన్నావ్?”

“టీ తాగానండి.”

“టీ తినడమేంట్రా. ఎన్ని?”

“నాలుగు.”

“అయితే రెండో హెచ్చరిక ఇప్పుడే ఇవ్వను. పోయి నాలుగిడ్లీలు తిని, పావుగంట కుదురుగా కూర్చుని, మళ్ళీ చూసి చెప్పు. అల్లం పచ్చడి వేయించుకో.”

నా జీవితం ఎటు పోతోందో చెప్పుకుందామని నేను ఫోన్ చేస్తే, ఆయన పచ్చడి దగ్గర ఆగారు. కోపంగానే వెళ్ళి తిన్నాను. పావుగంట తర్వాత నిజాయితీగా చూసుకుంటే ఆరు. అంటే నా జీవిత విషాదంలో మూడు అడుగులు ఉత్త ఆకలి. ఇంత చిన్న సంగతి తెలియక మూడేళ్ళు తాగానని తెలిసినప్పుడు మనిషికి సిగ్గు వేయాలి. నాకు నవ్వొచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళి బాబాయిని అందరికంటే పెద్దగా చేసి, ఓ మూలకు పెట్టాను. ఆయన సంతోషించాడు.

సాయంత్రాలు ఇద్దరం గట్టు మీద, కాలువ తలుపులుండే లాకుల దాకా నడిచేవాళ్ళం. ఆ నడకకు ఆయన పెట్టిన నియమం ఒకటే: వెళ్ళేటప్పుడు ప్రసాద్ గారిని ఎంతైనా తిట్టుకోవచ్చు, వచ్చేటప్పుడు ఆయన పేరు ఎత్తకూడదు. మొదట్లో వెళ్ళే దారి నాకు చాలేది కాదు, లాకుల దగ్గర కాసేపు ఆగి మిగతాది పూర్తి చేసేవాణ్ణి. నెల తిరిగేసరికి సగం దూరంలోనే సరుకు అయిపోయేది. “అన్ని తలుపులూ ఒక్కసారే దించి, ఆపేశానని గొప్పగా ఇంటికి పోయావనుకో, ఎనకాల నీళ్ళేం చేస్తాయి? గట్టు ఎక్కడ పలచగా ఉందో ఎతుక్కుంటాయి. కొంచెం కొంచెం వదలాల,” అనేవారు. అలా నాకు చిన్న చిన్న తూములు ఏర్పడ్డాయి. మామ్మగారి చేట ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఒకటి, ఆదివారం బండి కడగడం ఇంకొకటి. మామ్మగారు నేను తీసిన ఈనెలు చూసి, “ఇవాళ మనసు బాలేదా నాయనా, కాయలో సగం పోయింది” అనేవారు. ఆ ఇంట్లో ఇద్దరికీ గేజీలున్నాయి.

మూడో నెలలో ఒక గురువారం పెద్ద ఆర్డరొకటి వేళకంటే ముందే ఇచ్చేశాం. ప్రసాద్ గారు నా భుజం తట్టి, “నువ్వు లేకపోతే కష్టమయ్యా” అన్నారు. ఎగువ నుంచి కష్టం వస్తుందని చూస్తూ కూర్చున్నవాణ్ణి, సంతోషం వస్తుందని అనుకోలేదు. తట్టిన భుజాన్ని అలాగే తీసుకెళ్ళి వైన్ షాపు ముందు నిలబెట్టాను. ఒక క్వార్టరు. ఇంటికొచ్చి తలనొప్పని పడుకుంటే అమ్మ నుదుటికి బామ్ రాసింది. మర్నాడు పొద్దున పుస్తకం తీసి, గురువారం సాయంత్రం: రెండు అడుగులు అని రాశాను. చెయ్యి ఆగలేదు. రెండు, రెండున్నర, రెండు అని ముందుకూ రాసుకుంటూ పోయాను.

శుక్రవారం సాయంత్రం వీరాస్వామి గారు పుస్తకం తనిఖీ చేసేవారు. వరండాలో కూర్చుని పేజీ తిప్పి ఆగారు.

“శనివారం పొద్దున రెండడుగులా?”

“అవునండి.”

“ఇయ్యాల శుక్రవారం కదరా.”

ఫ్లెక్సీల మీద ఎవరెవరికో లేని కిరీటాలు పెట్టినవాణ్ణి, ఒక నోటుపుస్తకంలో దొంగ అంకె కుదురుగా వేయలేకపోయాను. “బద్ధకమేసి ఒకేసారి రాసేశానండి,” అన్నాను.

“బద్ధకమైతే నిన్నటి అంకే మళ్ళీ వేస్తాడు. భయమైతే తక్కువ వేస్తాడు. ఇట్టాంటివి నేను చానా రాశా.”

మామ్మగారు చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఈ కథ ఆవిడకు తెలుసని దాన్నిబట్టి అర్థమైంది. ఆయన వయసులో ఉండగా వారం రోజుల అంకెలూ సోమవారమే సారా దుకాణంలో కూర్చుని రాసేవారట. ఒక వానాకాలం పైనుంచి నీళ్ళు ఎక్కువ వదిలారు. పుస్తకంలో మూడడుగులు, కాలువలో ఆరున్నర. గట్టు తెగి గండి పడింది.

“ఎవరైనా పోయారా తాతగారూ?”

“నీకు సినిమా కావాల. ఎవరూ పోలా. ఒక రైతు నారుమడి పోయింది, అంతే. తెల్లారి ఆ రైతు మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటా నా దగ్గరికొచ్చి, ‘లస్కరు గారూ, నిన్న సాయంత్రం మట్టం ఎంతుందండీ’ అన్నాడు. గారు అన్నాడ్రా. చెప్పడానికి నా దగ్గర అంకె లేదు.”

“తిట్టలేదా?”

“తిడితే నేనూ తిట్టేవాణ్ణి. సరిపోయేది.” కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “అవాళే మానేశానని చెబితే వినడానికి బాగుంటది. మానలా. ఇంకో రెండేళ్ళు పట్టింది. కానీ దొంగ అంకె మళ్ళీ రాయలా. తాగినరోజు తాగానని మీ మామ్మకి చెప్పా. ఇప్పుడు నువ్వు చెప్పు. నిన్న ఎంత?”

“గండి పడిందండీ.”

“ఎంత వెడల్పు?”

“క్వార్టరు.”

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. కొలత రాసుకుంటున్న మనిషిలా తల ఊపారు. “గండి పడితే ముందు ఇసుక బస్తాలు, తర్వాత విచారణ. నువ్వు విచారణ ముందు పెట్టావ్, అందుకే ముఖం అట్టా ఉంది. స్నానం చెయ్యి, ఒకటి. అన్నం తిను, రెండు. పొద్దున్నే డాక్టరు గారికి ఫోన్ చేసి, ఎప్పటి టైముకే పనికి పో, మూడు. ఇప్పుడు పైకెళ్ళి మీ అమ్మకి చెప్పు, నాలుగు.”

“నాలుగోది వద్దు తాతగారూ. పది గంటల బస్సుంది.”

“ఉంది. చెబితే ఆవిడ ఎక్కొచ్చు కూడా. చెప్పకపోతే ఎదురుగా కూర్చుని ఉన్నా నీకు అమ్మ ఉండదు, నీ దొంగ అంకె ఉంటది.”

“మీరు కూడా రండి.”

“నేనొస్తే ఆవిడ కుర్చీ వేసి కాఫీ పెట్టే పనిలో పడద్ది. నువ్వే పో.”

మా మెట్లు పద్నాలుగు. ఆరోజే లెక్కపెట్టాను. అమ్మ నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెప్పాను. ముందు ప్రసాద్ గారి భుజం తట్టడంతో మొదలుపెట్టాను, తర్వాత అదంతా అనవసరమనిపించి మూడు మాటల్లో చెప్పేశాను. అమ్మ తువ్వాలు మడత ఆపకుండా, “నాకు నిన్ననే తెలుసు. బామ్ వాసన కింద దాక్కుంటుందనుకున్నావా,” అంది.

“మరి అడగలేదేం?”

“నువ్వు చెబుతావో లేదో చూద్దామని. చెప్పకపోతే రేపు పది గంటలకి వెళ్దామనుకున్నా. సంచీ కూడా సర్దా.”

“ఇప్పుడు వెళ్తావా?”

అమ్మ మడతపెట్టిన తువ్వాలు పక్కన పెట్టింది. అప్పుడు లేచి సంచీ తెచ్చి, అందులోని చీరలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. అడుగున నా నీలం గళ్ళ చొక్కా ఉంది. పొద్దున దాని కోసం గంటసేపు వెతికాను. “ఇదెందుకు పెట్టావమ్మా” అంటే, “ఏమో, చేతికొచ్చింది పెట్టా” అని ముఖం తిప్పుకుంది. నేను ఆ చొక్కా వేసుకుని అన్నం తిన్నాను. రెండూ బాగా మెత్తగా ఉన్నాయి.

ఆ తర్వాత మళ్ళీ గండి పడలేదు. మర్నాటి నుంచి పుస్తకంలో అమ్మ దిగులుకు కూడా ఒక వరస గీయాల్సి వచ్చింది, తనే అడిగింది. మొదటిరోజు తను రాసింది: “ఎనిమిది. ఎగువ: కిశోర్.” వీరాస్వామి గారు అది చదివి, నాకు మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారు, ఎగువ నేనే కాబట్టి.

రెండేళ్ళు తిరిగాక ఆయనా మామ్మగారూ మచిలీపట్నంలో కూతురి ఇంటికి మారారు. ఒక ఆదివారం వెళ్ళాను. అప్పటికి నాకొక దిగులు పట్టుకుంది: ఇంతకాలమైనా నా మట్టం ఒక్కరోజూ సున్నాకు రాలేదు. సున్నా వచ్చాక చేద్దామని చాలా పనులు పక్కన పెట్టేశాను. స్నేహితుల పెళ్ళిళ్ళకు వెళ్ళడం, ఎక్కడికైనా ఊరు తిరగడం, నా గురించి పెళ్ళి మాట ఎత్తితే అమ్మను కసరకుండా ఉండడం. ఆయన్ను అడిగాను, మీకు సున్నా ఎన్నేళ్ళకు వచ్చిందండీ అని.

“పొద్దున మూడు,” అన్నారు.

“మీకా?”

“అల్లుడు టీవీ సౌండు పెంచాడు. ఇప్పుడు ఒకటిన్నర.”

“ఇన్నేళ్ళయినా ఇంకా చూసుకుంటారా తాతగారూ?”

“ఎండిపోయిన కాలువకి లస్కరెందుకురా? నీళ్ళుంటాయి కాబట్టే చూసేది. మూడడుగులతో పైరు పండించుకోవచ్చు.” లోపల్నుంచి మామ్మగారు, “మూడు కాదు, అయిదు. అల్లుణ్ణి నేనూ విన్నా,” అన్నారు. ఆయన ఒప్పుకోకుండా నాలుగు దగ్గర రాజీపడ్డారు. ఆ నెలలోనే ఒక స్నేహితుడి పెళ్ళికి వెళ్ళాను. ఆరడుగులతో వెళ్ళి, నాలుగుతో వచ్చాను. గుత్తొంకాయ బాగుంది.

ఆ చలికాలం ఆయన నిద్రలోనే పోయారు. అమ్మా నేనూ వెళ్ళాం. ఫ్లెక్సీ నేను చేసిస్తానంటే మామ్మగారు వద్దన్నారు. “నువ్వు ఆయన ఎనకాల సింహాన్ని పెడతావు,” అన్నారు, ఏడుస్తూనే. తిరుగు బస్సులో నాది తొమ్మిది. చెప్పుకోవాల్సిన మనిషిని సాగనంపి వస్తున్నాను. పక్కన అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. “అమ్మా, తొమ్మిది,” అన్నాను. “నాదీ అంతే,” అంది. పామర్రులో దిగి ఇద్దరం చెరో దోసె తిన్నాం. తర్వాతి బస్సు వచ్చేసరికి నాది ఏడు. తనది చెప్పలేదు గానీ, ఇంకో దోసె చెప్పనా అని అడిగింది.

ఇప్పటికీ రోజుకు మూడుసార్లు చూసుకుంటాను. ఊపిరి పీల్చడం, నడవడం, వేళకు తినడం అన్నీ ఆ సెంటర్ కాగితంలో ఉన్నవే. ఉన్న అంకెను ఉన్నట్టు ఒక మనిషికి చెప్పడం మాత్రం నాకు వీరాస్వామి గారు నేర్పారు, వినడం కూడా. ఇది రాస్తుంటే సాయంత్రం ఆరయింది. నాది నాలుగు. ఎగువ: ప్రసాద్ గారు. వంటింట్లోంచి అమ్మ తనది రెండంటోంది. అక్క ఫోన్ పెట్టేసినప్పటి నుంచి గిన్నెలు విసురుగా పెట్టే చప్పుడు వింటున్నాను. రెండంటే నేను నమ్మను. ఇక్కడ ఆపి, వెళ్ళి చూసొస్తాను.